రొట్టెకో కొక్కెం

"ఇంజనీరు గారూ, మీరు మాకు పంపింది కాగితమా, బేకరీయా?"

అర్దిత్ ఇంకా సైకిల్‌కి స్టాండు కూడా వెయ్యలేదు. జూన్ వాన అతని జుట్టు మీంచి కళ్ళద్దాల మీదికి, అక్కణ్ణుంచి ముక్కు మీదికి జారుతోంది. ఆ నీటిపొర వెనక నుంచి, షెడ్డు గుమ్మంలో పసుప్పచ్చ రుమాలు కట్టుకున్న అమ్మాయి ఒకతి కలలోలా మసగ్గా కనిపించింది. మాట మాత్రం కలలోలా లేదు.

"బేకరీ ఏంటండీ?"

"చూడండి." రబ్బరు తొడుగులేసుకున్న చేత్తో ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ సంచి విప్పింది. లోపల సగం రొట్టె, వానకి నానిపోయి ఉంది. "పన్నెండు నీలం డబ్బాలు. పదకొండింట్లో ఇదే. ఒక్క రొట్టె నానితే చుట్టూ ఉన్న కాగితమంతా ముద్ద. రెండ్రోజులాగితే బూజు. ముద్దని పేపరు మిల్లు వాళ్ళు ముట్టుకోరు. ఇంక మేం ఇక్కడ కూర్చుని ఏం ఏరాలి? మీ తలా?"

"నేను నోటీసులు అంటించానే! 'కాగితం, అట్టలు మాత్రమే' అని..."

"అంటించారు. అవీ వచ్చాయి. ముద్దలో పైన ఉన్నవి అవే."

లోపల బల్ల చుట్టూ కాగితం ఏరుతున్న ఐదుగురు ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంకేదో అనబోతూనే సంచిలోంచి రొట్టె తీసింది. తొడుగు విప్పి, రొట్టెని పెదాలకి ఆనించి ముద్దు పెట్టుకుంది. నుదుటికి తాకించింది. తడి తగలని చోట, కిటికీ గట్టు మీద, పిచ్చుకల కోసం పెట్టింది. అంతా అయ్యాక మళ్ళీ అతని వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టింది.

కింద పడిన రొట్టెకి ముద్దు పెట్టి నుదుటికి తాకించుకోవడం కోర్చా ఊళ్ళో అందరూ చేసేదే. అర్దిత్ నాయనమ్మా చేసేది. కానీ తిట్టుకీ తిట్టుకీ మధ్య అంత మెత్తగా ముద్దు పెట్టిన మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. తిట్లలో సగం అతనికి వినపడలేదు.

"వింటున్నారా?"

"ఆఁ. మీ పేరు?"

"లెదీనా. రిపోర్టులో రాసుకుంటారా? రాసుకోండి."

*

అర్దిత్‌ది కొండ మీద బంగాళాదుంపలు పండించే పల్లె. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. అందుకే ఏ పని ఇచ్చినా పరీక్ష రాసినట్టు చేస్తాడు. మార్జిన్ గీసి, ప్రశ్న రెండుసార్లు చదివి, దిద్దుకుని మరీ. మునిసిపాలిటీ వాళ్ళు పాతపేటలో కొత్త చెత్త డబ్బాల పని అప్పగిస్తే, వాటి బొమ్మ తనే గీశాడు. తడి చెత్తకి నల్లది, కాగితానికి నీలంది. తుప్పు పట్టిన పాత ఇనప డబ్బాలు తీసేసి, ప్రతి సందు మొదట్లో వీటిని పెట్టించాడు. ఎక్కడా మూల లేదు, పొడుచుకొచ్చిన ముక్క లేదు. గుడ్డులా నున్నటి డబ్బాలు. కాగితం వెయ్యడానికి పైన గుండ్రటి రంధ్రం.

గడువు సెప్టెంబరు చివరి సోమవారం. ఆ రోజు పేపరు మిల్లు లారీ వస్తుంది. కాగితం పొడిగా ఉంటే ఊరంతటికీ నీలం డబ్బాలు, షెడ్డులో ఆరుగురికీ ఏడాది పొడవునా పని. తడిగా ఉంటే డబ్బాలు వేరే ఊరికి పోతాయి, షెడ్డుకి తాళం పడుతుంది.

అర్దిత్ ఇంకా పెద్ద నోటీసులు రాశాడు. 'ఇందులో రొట్టె వెయ్యరాదు' అని, ఎర్ర సిరాతో.

రొట్టెలు పెరిగాయి.

ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, చెంచాడు చెర్రీ మురబ్బా పెట్టారు. "నిజమే బాబూ, కాగితంలో రొట్టెలేంటి, తప్పు కదూ!" అని చెంపలేసుకున్నారు. మర్నాటికి రొట్టెలు ఇంకా పెరిగాయి.

ఇక లాభం లేదని ఒక సాయంత్రం నాలుగో నంబరు డబ్బా దగ్గర కాపు కాశాడు. ఊరంతా పెద్ద వీధిలో షికారుకి పోయే వేళ. లిండెన్ చెట్లు పూసి ఉన్నాయి. ఆ వాసన తేనె కలిపిన గాలిలా సందుల్లోకి వస్తోంది. అర్దిత్ చెట్టు వెనక నక్కి నిలబడ్డాడు. నిజానికి అతను దొంగ గురించి ఆలోచించడం లేదు. పసుప్పచ్చ రుమాలు గురించి ఆలోచిస్తున్నాడు.

ఎదురింటి కలియోపి మామ్మ బయటికొచ్చింది. ఆవిడ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వాన కొట్టినా, మంచు కురిసినా ఆ కిటికీ మూసి ఉండగా చూసినవాళ్ళు లేరు. సందులో ఎవరు తుమ్మినా ముందు ఆవిడకే తెలియాలి. ఇప్పుడు అటూ ఇటూ చూసి, చంకలోని సంచి తీసి, నీలం డబ్బా రంధ్రంలోంచి ఉయ్యాల్లో బిడ్డని పడుకోబెట్టినట్టు లోపలికి దింపింది.

"పట్టుకున్నాను!" అర్దిత్ ఒక్క గెంతు గెంతాడు.

"ఎవర్రా అదీ? ఓ, మునిసిపాలిటీ అబ్బాయా! చెట్టు వెనక నీకేం పని? ఈ వేళప్పుడు షికారులో అమ్మాయిల్ని చూసుకోక!"

"మామ్మా, అది రొట్టె."

"రొట్టే. కాదన్నానా?"

"నల్ల డబ్బాలో వెయ్యాలి కదా."

కలియోపి మామ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నల్ల డబ్బాలోనా? చేప తలకాయల్తో, పసిపిల్లల గుడ్డల్తో కలిపి, రొట్టెనా? నిన్ను పెంచిందెవరు?"

"మా నాయనమ్మ."

"ఆవిడ రొట్టె చెత్తలో పారేసేదా?"

అర్దిత్‌కి తమ ఇంటి దడి గుర్తొచ్చింది. నాయనమ్మ ఎండిన రొట్టెముక్కలు గుడ్డసంచిలో కట్టి దడికి తగిలించేది. దారిన పోయే గొర్రెలకాపరి ఎవరో పట్టుకెళ్ళేవాడు. నాలుగేళ్ళ చదువులో ఆ దడి ఎక్కడో జారిపోయింది.

"పాత డబ్బాలకి పక్కన ఇనప చెవులుండేవి," అంది మామ్మ. "సంచి వాటికి తగిలించేవాళ్ళం. అట్టలేరే జెవాత్ బండి వచ్చేది, వాళ్ళ గుర్రం తినేది. నువ్వు పెట్టిన డబ్బాకి చెవి లేదు, చెయ్యి లేదు. గుమ్మడికాయకి ఏం తగిలించను? నీలందైతే లోపల అన్నీ పుస్తకాలూ పేపర్లే, శుభ్రంగా ఉంటుంది. రొట్టెకి మర్యాదగా ఉంటుందని అందులో పెడుతున్నాం. అందరం."

వెనక గిట్టల చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే ఒక గుర్రబ్బండి, నిండా అట్టపెట్టెలు. పగ్గాలు పట్టుకుని పక్కన నడుస్తున్న తెల్లమీసాల పెద్దాయన గుర్రం చెవిలో ఏదో చెబుతున్నాడు. బండి మీద లెదీనా, ఒడిలో చేతులు పెట్టుకుని, అంతా విన్నట్టే కూర్చుంది.

"మీకు ముందే తెలుసా?" అన్నాడు అర్దిత్.

"ముప్ఫయ్యేళ్ళుగా ఈ సందుల్లో అట్టలేరేది మా నాన్న. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి చెప్పలేదేం?"

"మీరు నోటీసులు రాస్తూనే ఉన్నారు. ఒక్కరినన్నా అడిగారా?" బండి దిగి గుర్రం మెడ నిమిరింది. "ఇది బర్దా. మీ గుడ్డు డబ్బాలొచ్చినప్పట్నుంచీ దీనికి సాయంత్రం రొట్టె లేదు. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. కావాలంటే అదీ రిపోర్టులో రాసుకోండి."

బర్దా అతని చొక్కా జేబు వాసన చూసి, ఏమీ లేదని తల పక్కకి తిప్పేసుకుంది. జెవాత్ కూడా అంతే చేశాడు.

*

చెయ్యాల్సింది అర్దిత్‌కి అర్థమైంది. కొక్కేలు కావాలి. మర్నాడే అర్జీ రాసి పై అధికారి బల్ల మీద పెట్టాడు.

"డబ్బా డిజైన్ మార్చాలంటే పైనుంచి సంతకం రావాలయ్యా," అన్నాడాయన. "పంపిస్తాను. ఆగు."

ఆగమంటే ఆగడమే అర్దిత్‌కి తెలిసిన పద్ధతి. ఆగాడు.

ఆ ఆగడంలోనే ఉత్తరాలు మొదలయ్యాయి.

షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా చూసేవాడు. లెదీనా కాగితం ఏరుతూనే చదివేది. చిరిగిన పాఠ్యపుస్తకాలు, ఎవరివో వంటల చీటీలు, పాత పెళ్ళి శుభలేఖలు. "ఈ ఊరి కాగితమంతా నా చేతుల మీదుగానే పోతుంది," అంది ఒకసారి. "ఎవరింట్లో ఏం జరుగుతోందో కలియోపి మామ్మకన్నా నాకే ఎక్కువ తెలుసు."

ఆమె ఎదుట నిలబడితే అర్దిత్ నాలుక తడబడేది. చేతికి ఆ బాధ లేదు. ఒక ఆదివారం చిన్న కాగితం మడిచి, నాలుగో డబ్బాలో వేశాడు.

'లెదీనా గారికి: కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలి? — అర్దిత్.'

సోమవారం డబ్బాలో కాగితం షెడ్డుకి వెళ్ళింది. సాయంత్రం నాలుగో డబ్బా మీద, అతని ఎర్ర సిరా నోటీసు కిందే, పెన్సిలుతో జవాబు కనిపించింది.

'బర్దా మెడ కన్నా కింద కాదు. కలియోపి మామ్మ చెయ్యి కన్నా పైన కాదు. అడిగినందుకు సంతోషం.'

అతను మళ్ళీ రాశాడు. 'ఈ వారం ఏం చదివారు?'

'ఒకాయన సిగరెట్లు మానేస్తానని తొమ్మిది సార్లు రాసుకున్న డైరీ. పదోసారి రాస్తాడేమోనని దాచి ఉంచాను.'

'మీకు ఏ కాగితం ఇష్టం?'

'చేత్తో రాసింది. అక్షరాలు వంకరగా ఉంటే ఇంకా ఇష్టం. మీవి మరీ తిన్నగా ఉంటాయి.'

జులై అలా గడిచింది. రాత్రి కళ్ళు మూసుకుంటే ఊరి కాగితమంతా తెల్లపావురాల్లా లేచి, సందుల మీదుగా తేలుతూ వెళ్ళి ఒక పసుప్పచ్చ రుమాలు చుట్టూ వాలుతున్నట్టు ఉండేది అతనికి. తన ఉత్తరాలు రహస్యమే. ఆమె జవాబులు మాత్రం నడివీధిలో, డబ్బా మీద! కాఫీ తాగొస్తూ జనం ఆగి చదివేవాళ్ళు. కలియోపి మామ్మైతే కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివేది.

"బాబూ, ఆ అమ్మాయి అక్షరాలు వంకరగా రాయమంటోందిగా. రాయరాదూ?"

అర్దిత్ చెవులు టమాటాల్లా అయ్యేవి.

ఆగస్టు చివర్లో, మూడు కాగితాలు చింపేశాక, అతను అసలు ఉత్తరం రాశాడు. కావాలని కొంచెం వంకరగా రాశాడు. ముద్దుపెట్టిన రొట్టె గురించీ, దడి గురించీ, నాయనమ్మ గురించీ రాసి, చివరికి చెప్పాల్సింది చెప్పేశాడు. ఆదివారం సాయంత్రం నాలుగో డబ్బాలో వేశాడు. కిటికీలో మామ్మ ఉంది. చూడనట్టు చూసింది.

ఆ రాత్రి కుండపోత వాన.

సోమవారం సాయంత్రం అతను వెళ్ళేసరికి డబ్బా చుట్టూ ఎనిమిది మంది. అందరూ దారిచ్చారు. నోటీసు మీద పెన్సిలు అక్షరాలు:

'మీ ఉత్తరం వచ్చింది. "లెదీనా, నేను" వరకే చదవగలిగాను. తర్వాతంతా రొట్టె.'

సందు సందంతా అతని వైపే చూస్తోంది.

"నేను... తర్వాత ఏంటి బాబూ?" అన్నాడు ఒక ముసలాయన, ఆగలేక.

"నేను జలుబుతో ఉన్నాను అని రాసుంటాడు," అంది కలియోపి మామ్మ. "లేకపోతే నేను సంతకం కోసం ఆగుతున్నాను అని!"

అందరూ నవ్వారు. అర్దిత్ నవ్వలేదు. డబ్బా రంధ్రంలోకి తొంగి చూశాడు. లోపల మళ్ళీ ఒక రొట్టె, దాని చుట్టూ నీళ్ళూరుతున్న కాగితం. తన జీవితంలో మొదటిసారి రాసిన ఆ మాటలు ఇలాగే కరిగిపోయాయి. తను పెట్టిన డబ్బాలోనే. తన అర్జీ అధికారి బల్ల మీద రెండు నెలలుగా పొడిగా, క్షేమంగా ఉంది.

లారీకి ఇంకా నాలుగు వారాలు.

"మామ్మా, ఈ ఊళ్ళో మంచి కమ్మరి ఎవరు?"

*

పాతబజారు కమ్మరి పన్నెండు ఇనప స్తంభాలు చేసిచ్చాడు. ఒక్కోదానికీ రెండేసి కొక్కేలు, పైన, సంచుల మీదా డబ్బా రంధ్రం మీదా వాన పడకుండా ఒక రేకు. అర్దిత్ వాటిని డబ్బాల పక్కన పాతడం మొదలుపెట్టాడు. పై అధికారి గొడుగేసుకుని పరుగున వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? సంతకం రాలేదుగా!"

"డబ్బా డిజైన్ నేను మార్చట్లేదు సార్. డబ్బా అలాగే ఉంది. ఇది స్తంభం. స్తంభానికి డిజైన్ ఏదీ మన ఫైల్లో లేదు."

అర్దిత్ పార ఆపలేదు. అధికారి ఏదో అనబోయాడు. కిటికీలోంచి కలియోపి మామ్మ, "ఏం నాయనా, నువ్వు రొట్టె తినే పెరిగావా, ఫైళ్ళు తినా?" అంది. ఆయన గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు. నోట్లో సిగరెట్టుతో ఆ ముసలాయన పార అందుకున్నాడు. సాయంత్రానికి సందులో మగాళ్ళంతా మట్టి చేతులతో ఉన్నారు.

బర్దాని తీసుకొచ్చి కొక్కెం ఎత్తు కొలిచారు. జెవాత్ గుర్రం మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడూ మాట్లాడలేదు. కానీ రెండో స్తంభం తనే పాతాడు.

మర్నాడు పొద్దున పన్నెండు స్తంభాలకీ సంచులు వేలాడుతున్నాయి. నోటీసు అవసరం లేకపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నీలం డబ్బాల్లో కాగితం, ఒట్టి కాగితం.

నాలుగో డబ్బా మీద పెన్సిలు అడిగింది: 'నేను... తర్వాత?'

అతను జవాబు వెయ్యలేదు. ఎదురుపడినప్పుడు లెదీనానే ఆపింది.

"నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్పను. మిల్లు వాళ్ళు తీసుకునేంత పొడిగా డబ్బాలో కాగితం ఉందని నమ్మకం కుదిరాక మళ్ళీ రాస్తాను. అప్పటిదాకా అది అర్హత లేని మాట."

"ఎంత డ్యూటీ మనిషివి!" అంది లెదీనా. అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. అది ఆమె చూసుకుందో లేదో గానీ, అతను మాత్రం రెండు సందులు దారి తప్పి తిరిగాడు.

*

సెప్టెంబరు చివరి ఆదివారం మళ్ళీ వాన. అర్దిత్ తలుపు దగ్గర చాలాసేపు నిలబడి, ఉత్తరాన్ని చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళి, నాలుగో డబ్బాలో వేశాడు.

సోమవారం మధ్యాహ్నం షెడ్డు ముందు మిల్లు లారీ ఆగింది. పొడుగాటి మనిషి దిగి, కట్టలు కట్టిన కాగితంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. వాసన చూశాడు. ఒక చిన్న మీటరు గుచ్చాడు. ఆరుగురు ఆడవాళ్ళూ మీటరు కేసే చూస్తూ నిలబడ్డారు. ఆరో మనిషి అప్రను జేబులోంచి మడిచిన కాగితం అంచు ఒకటి కనిపిస్తోంది. అర్దిత్‌కి మీటరు కన్నా ఆ అంచే ఎక్కువ కనపడుతోంది.

"పొడిగా ఉంది," అన్నాడు మిల్లు మనిషి. "ఎక్కించండి. వచ్చే నెలా వస్తాం."

షెడ్డంతా ఒక్క అరుపు. ఎవరో అర్దిత్‌ని గిరగిరా తిప్పారు. తిరగడం ఆగేసరికి లెదీనా లేదు. నాన్న బండి ఎక్కి వెళ్ళిపోయిందట.

లారీకి కట్టలన్నీ ఎక్కించాక అతను సైకిలెక్కి నాలుగో డబ్బా దగ్గరికి పరిగెత్తించాడు. నోటీసు మీద చూశాడు. ఖాళీ. పాత పెన్సిలు గీతల్ని వాన కడిగేసింది. కొత్తవి లేవు. వెనక వైపు చూశాడు. అటూ లేదు. ఇంతసేపూ గాల్లో తేలుతున్న మనిషి, ఒక్కసారిగా తన బూట్లు ఎంత తడిసిపోయాయో గమనించాడు.

"డబ్బా మీద ఏం చూస్తావురా, మొద్దబ్బాయీ!" కిటికీలోంచి కలియోపి మామ్మ. "కొక్కేలు పాతింది నువ్వేగా? చూసుకో!"

స్తంభానికి ఒక తెల్లటి గుడ్డసంచి వేలాడుతోంది. ఇంకా వేడిగా ఉంది. లోపల అప్పుడే కాల్చిన గుండ్రటి రొట్టె, ఒక పొట్లంలో ఉప్పు.

సందు మలుపులో జెవాత్ బండి ఆగి ఉంది. పెద్దాయన బర్దా చెవిలో ఏదో అని, తర్వాత అర్దిత్ వైపు తిరిగాడు. ఆ వేసవి మొత్తానికి ఆయన అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

"ఆ సంచి గుర్రానిది కాదు, అల్లుడూ. నీది. రొట్టే ఉప్పూ పెట్టామంటే మా ఇంటికి రమ్మనే. ఆదివారం భోజనానికి రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

అర్దిత్ ఉప్పు పొట్లం విప్పాడు. పొట్లం కట్టిన కాగితం అతని ఉత్తరంలోంచి చింపిన చిన్న ముక్క. అతని వంకర అక్షరాల్లో 'లెదీనా, నేను' అని ఉంది. దాని కింద పెన్సిలుతో, ఇంకా వంకరగా:

'అర్దిత్, నేనూ.'

బండి పక్క నుంచి లెదీనా వచ్చింది. రుమాలు జారి భుజాల మీద పడింది, వాన తుంపర ఆమె కనురెప్పల మీద ఆగింది. ఏం చెయ్యాలో తెలీక అతను రొట్టెలో ఒక ముక్క తుంచాడు. కంగారులో అది చేజారి రాళ్ళ మీద పడింది. వంగి తీసుకున్నాడు. అలవాటుగా ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించుకున్నాడు. బర్దా రెండడుగులు ముందుకేసి, మెడ చాపి ఆ ముక్కని అతని అరచేతిలోంచి మెత్తగా అందుకుంది.

లెదీనా ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ముద్దు రొట్టెకేనా, ఇంజనీరూ?"

జెవాత్ పగ్గాలు సరిచేసుకుంటూ, ఆకాశం కేసి చూస్తూ, బర్దాని మలుపు దాటించాడు. ఎదురింట్లో చెక్క రెక్కల చప్పుడైంది. కలియోపి మామ్మ, ఎవరూ అడక్కుండానే, తన కిటికీ మూసుకుంది.